జెర్సీ కడుపులో పుంగనూరు దూడ: సంకరం, ఐవీఎఫ్ గురించి కొన్ని ప్రాథమిక విషయాలు

(తిరుపతిలో పాడి రైతులు, గోపాలమిత్రలు, పశుసంవర్ధక పాలిటెక్నిక్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు, వాటికి జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో ఈమధ్య రెండు మాటలు కలగలిసిపోయి వినబడుతున్నాయి. ఒకటి హైబ్రిడ్, అంటే సంకరం. ఇంకోటి ఐవీఎఫ్, అంటే ల్యాబులో చేసే ఫలదీకరణ. హైబ్రిడ్ దూడ కావాలంటే ఐవీఎఫ్ చేయించాలంట కదా అని ఒకరంటారు. ఐవీఎఫ్ చేస్తే నాటు జాతి చెడిపోతుందంట కదా అని ఇంకొకరు. రెండూ సరికాదు. సంకరం అనేది తల్లిదండ్రులు ఎవరు అనే లెక్క. ఐవీఎఫ్ అనేది ఫలదీకరణ ఎక్కడ జరిగింది అనే లెక్క. నాటు ఆవు ఎదకు వస్తే, ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను పిలిచి జెర్సీ సూది, అంటే జెర్సీ ఆబోతు వీర్యం, వేయిస్తారు. పుట్టేది సంకరం, అందులో ఐవీఎఫ్ లేదు. పుంగనూరు ఆవు అండాన్ని పుంగనూరు ఆబోతు వీర్యంతో ల్యాబులో కలిపి, ఆ పిండాన్ని మీ కొట్టంలోని జెర్సీ సంకరం ఆవు గర్భసంచిలో పెడితే పుట్టేది అచ్చమైన పుంగనూరు. అక్కడ ఐవీఎఫ్ ఉంది, సంకరం లేదు. ఈ రెండో సంగతి చాలామందికి నమ్మబుద్ధి కాదు. ఇవాళ ఎక్కువ సేపు దాని గురించే మాట్లాడతాను.

ముందు సంకరం సంగతి చూద్దాం. ఏది దేనితో కలుస్తుంది, ఏది కలవదు అనేది చాలావరకు క్రోమోజోముల దగ్గర తేలిపోతుంది. గుర్రానికి 64, గాడిదకు 62. వాటికి పుట్టిన కంచరగాడిదకు 63. బేసి సంఖ్య కాబట్టి వీర్యకణమో అండమో తయారయ్యేటప్పుడు జతలు సరిగ్గా కుదరవు. అందుకే కంచరగాడిద బరువు మోస్తుందే గాని పిల్లను కనదు. ఆవుకు 60, మన ఎనుముకు 50. ఈ రెండూ ఒకే కొట్టంలో ఏళ్ల తరబడి ఉన్నా సంకరం పుట్టదు. ల్యాబులో ఆవు అండానికి ఎనుబోతు వీర్యకణాన్ని కలిపి చూసినవాళ్లున్నారు. కొన్ని అండాలు ఫలదీకరణ చెందుతాయి, రెండు కణాలు, నాలుగు కణాలు అవుతాయి కూడా. కానీ ఎనిమిది, పదహారు కణాల దగ్గరికి వచ్చేసరికి దాదాపు అన్నీ ఆగిపోతాయి. అప్పటిదాకా పిండాన్ని నడిపింది అండంలో తల్లి దాచిపెట్టిన సరుకు. పశువుల్లో ఆ దశ దగ్గరే పిండం సొంత జన్యువులు పని మొదలుపెట్టాలి. రెండు జాతుల జన్యువులూ పొత్తు కుదరక అక్కడ చేతులెత్తేస్తాయి. ల్యాబులో ఎంత మంచి ఇంక్యుబేటర్ ఉన్నా ఈ గోడ దాటలేం.

జెర్సీ, మన నాటు ఆవు మాటకొస్తే ఇద్దరికీ 60 క్రోమోజోములే. వై క్రోమోజోము ఆకారంలో తేడా ఉంది, అంతే. సంకరం బాగానే కట్టుతుంది, పుట్టిన పెయ్య మళ్లీ చూడి కడుతుంది. పైగా రెండు వంశాలూ లక్షల ఏళ్ల కింద విడిపోయినవి కాబట్టి ఒకదాంట్లో దాగి ఉన్న చెడ్డ జన్యువును రెండోదాని మంచి జన్యువు కప్పేస్తుంది. మొదటి తరంలో కనిపించే ఆ జోరును శాస్త్రంలో హెటెరోసిస్ అంటారు, మన భాషలో సంకర తేజం. నాటు తల్లి కంటే పాలు ఎక్కువ, జెర్సీ తండ్రి కంటే ఎండకు ఓర్పు ఎక్కువ.

చిక్కు రెండో తరంలో వస్తుంది. సంకరం ఆవును సంకరం ఆబోతుతోనే దాటిస్తే పుట్టే దూడల్లో సగటున జెర్సీ వాటా 50 శాతమే ఉంటుంది గాని సంకర తేజం సగానికి పడిపోతుంది. దూడకూ దూడకూ పోలిక ఉండదు. ఒకటి తల్లిలా పాలిస్తుంది, ఇంకోటి నాటుకూ జెర్సీకీ కాకుండా పోతుంది. పాలు పెంచాలని తరం తరం జెర్సీ సూదే వేయిస్తూ పోతే వాటా 75 అవుతుంది, 87.5 అవుతుంది. అక్కడ కూడా తేజం సగం సగం తగ్గుతూ పోతుంది, మే నెలలో ఆవు నాలుక బయటపెట్టి రొప్పుతుంది, గోమార్ల వల్ల వచ్చే థైలేరియా జ్వరానికి ఇట్టే లొంగుతుంది. మన ఎండలకు విదేశీ వాటా 50 నుంచి 62.5 శాతం మధ్య ఆపమని చెప్పేది ఇందుకే. దీన్ని పాటించాలంటే ఆవు చెవి పోగు నంబరు, వేసిన సూది వివరం కార్డులో ఉండాలి. ఆ కార్డు లేకుండా వాటా ఎంతో ఆవును చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

పంటల్లో ఇదే తలనొప్పికి రెండు దార్లు ఉన్నాయి. మదనపల్లె టమాటా రైతు ప్రతిసారీ కొత్త విత్తనం కొంటాడు. హైబ్రిడ్ టమాటా విత్తనం ఎట్లా తయారవుతుందంటే, రేపు విచ్చుకునే మొగ్గను ఇవాళే పట్టుకుని పట్టకారుతో దాని కేసరాలు పీకేస్తారు, మర్నాడు వేరే రకం పుప్పొడి తెచ్చి కీలాగ్రానికి అద్దుతారు. మొగ్గ మొగ్గకూ మనిషి చెయ్యి పడాలి, అందుకే ఆ ధర. ఆ కాయల్లో గింజలు దాచి మళ్లీ వేస్తే మన రెండో తరం దూడల మాదిరే తలా ఒక తీరుగా వస్తాయి. మామిడిలో ఈ బాధ లేదు. మల్లిక, ఆమ్రపాలి రెండూ నీలం, దశేరిల సంకరాలు. ఒకదాంట్లో నీలం తల్లి, రెండోదాంట్లో దశేరి తల్లి. మంచి చెట్టు ఒక్కటి దొరికితే చాలు, ఇక అంటు కట్టుకుంటూ పోవడమే. చిత్తూరు జిల్లా తోతాపురి తోటలన్నీ అంట్ల మీద నడుస్తున్నవే. ఆవుకు అంటు కట్టలేం. క్లోనింగ్ ఉంది గాని అది రైతు కొట్టం దాకా వచ్చే ఖర్చు కాదు. కాబట్టి పశువుల్లో సంకరాన్ని నిలబెట్టుకోవాలంటే రెండు వైపులా అచ్చమైన జాతులు ఎప్పుడూ ఉండాలి. మన దగ్గర జరిగింది దానికి తలకిందులు. అందరూ జెర్సీ సూదుల వెంట పోయేసరికి అచ్చమైన పుంగనూరు ఆవులు వెతుక్కునే స్థితికి వచ్చాం. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఆ మందను కాపాడకపోయి ఉంటే ఇవాళ ఈ ఉపన్యాసానికి పనే ఉండేది కాదు.

పోయిన జాతిని సూదులతోనే వెనక్కి తేవచ్చు కదా అంటారు. తేవచ్చు, లెక్క వేయండి. సంకరం ఆవుకు పుంగనూరు సూది వేస్తే పుట్టే పెయ్యలో పుంగనూరు వాటా సగం. దానికి మళ్లీ వేస్తే 75, ఆ తర్వాత 87.5, 93.75, ఐదో తరానికి 96.9. ఒక్కో తరానికి మూడేళ్లు అనుకున్నా పదిహేనేళ్లు. పిండ మార్పిడిలో నేరుగా నూటికి నూరు శాతం పుంగనూరు దూడ, తొమ్మిది నెలల్లో.

ఇక్కడే సందేహం మొదలవుతుంది. మోసేది జెర్సీ సంకరం కదా, దాని రక్తం దూడకు రాదా? 1890లో ఇంగ్లండ్‌లో వాల్టర్ హీప్ అనే ఆయన ఇదే చూశాడు. అంగోరా కుందేలు నుంచి రెండు పిండాలు తీసి, అప్పటికే తన జాతి మగకుందేలుతో కట్టిన బెల్జియన్ హేర్ కుందేలులో పెట్టాడు. అది ఆరు పిల్లల్ని పెట్టింది. నాలుగు బెల్జియన్ హేర్‌లు, రెండు పొడుగు బొచ్చు అంగోరాలు. ఒకే కడుపులో పక్కపక్కనే పెరిగినా ఒకదాని లక్షణం ఇంకోదానికి అంటలేదు. మన పల్లెల్లో కోడి కింద బాతు గుడ్లు పొదిగేస్తారు కదా, ఇదీ అట్లాంటిదే. మాయ ద్వారా తిండి, ప్రాణవాయువు అందుతాయి, రెండు రక్తాలూ కలవవు. పశువుల్లో మాయ ఎంత గట్టి గోడంటే తల్లి రోగనిరోధక శక్తి కూడా దాటి రాదు. దూడకు అది ముర్రుపాలతోనే రావాలి. తిరుపతిలోనే 2023లో టీటీడీ గోశాలలో, పశువైద్య విశ్వవిద్యాలయం చేయూతతో, ఒంగోలు ఆవు సాహివాల్ పెయ్యను ఈనింది. ఆ పెయ్యలో ఒంగోలు జన్యువు ఒక్కటి కూడా లేదు.

సరే, పిండం ఎట్లా తయారవుతుందో చూద్దాం. అండాలిచ్చే దాత ఆవును కదలకుండా పట్టే చట్రంలో, అంటే క్రషులో, నిలబెడతారు. తోక మొదట్లో వెన్నుపూసల సందులో లిగ్నోకెయిన్ 2 శాతం మందు 3 నుంచి 5 మి.లీ. ఇస్తే వెనక భాగం మొద్దుబారుతుంది. ఆవు నిలబడే ఉంటుంది. డాక్టరు ఒక చెయ్యి పెద్దపేగులోంచి పెట్టి అండాశయాన్ని పట్టుకుంటాడు. రెండో చేత్తో, సూది అమర్చిన అల్ట్రాసౌండ్ ప్రోబును యోనిలోకి పంపుతాడు. తెర మీద అండాశయంలోని ఫాలికిళ్లు, అంటే అండాలుండే నీటి బుడగలు, నల్లటి గుండ్రాలుగా కనబడతాయి. 2 నుంచి 8 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవాటిలోకి సూది దింపి, వాక్యూమ్ పంపుతో ద్రవాన్ని లాగుతారు. లాగుడు ఎక్కువైతే అండం చుట్టూ ఉండే కణాల దుప్పటి ఊడిపోతుంది, తక్కువైతే అండం రాదు. చాలా చోట్ల 70 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గర పెడతారు. గొట్టంలో ఉండే ద్రావణం 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉండాలి, రక్తం గడ్డకట్టకుండా అందులో హెపారిన్ కలపాలి. హెపారిన్ మరిచిపోతే అండాలు రక్తపు గడ్డల్లో చిక్కుకుపోతాయి, తర్వాత ఎంత వెతికినా దొరకవు. పుంగనూరు ఆవులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కటి ఇరుకు. సన్నటి చెయ్యి ఉన్నవాళ్లు చేస్తేనే ఆవుకు గాయం కాదు. పొడవు చెయ్యి, లావు మణికట్టు ఉన్నవాళ్లు పెద్ద ఆవుల మీద ఎంత పనిమంతులైనా ఇక్కడ పక్కకు జరగాలి.

ఒక మేలు ఏమిటంటే, దేశవాళీ ఆవుల అండాశయాల్లో ఒకేసారి కనిపించే ఫాలికిళ్లు విదేశీ ఆవుల కంటే ఎక్కువ. హార్మోను సూదులు లేకుండానే తీయవచ్చు, పదిహేను రోజులకొకసారి మళ్లీ తీయవచ్చు, మూడు నెలల లోపు చూడి ఆవు నుంచి కూడా తీయవచ్చు. పాత పద్ధతిలో అయితే నాలుగు రోజులపాటు పూటకొకటి చొప్పున, అండాలను పెంచే ఎఫ్ఎస్‌హెచ్ హార్మోను సూదులు ఎనిమిది వేసి, ఎదలో వీర్యం వేసి, ఏడో రోజు గర్భసంచి కడిగి పిండాలు తీసేవాళ్లు. ఆ పద్ధతి ఇప్పటికీ తప్పు కాదు. ల్యాబు దూరంగా ఉన్నచోట అదే నయం.

సూదితో తీసిన అండాలు పచ్చివి. అవి పండాలి. మైక్రోస్కోపు కింద చూసి, చుట్టూ మూడు నాలుగు వరసల కణాలు దట్టంగా ఉన్నవాటిని ఏరి, పోషక ద్రావణపు చిన్న చుక్కల్లో వేస్తారు. 50 మైక్రోలీటర్ల చుక్కకు ఐదు నుంచి పది అండాలు. చుక్క ఆరిపోకుండా పైన మినరల్ నూనె కప్పుతారు. ఇంక్యుబేటరులో 38.5 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, నిండు తేమ. 22 నుంచి 24 గంటలు అట్లా ఉంచితే అండం పండుతుంది. చుట్టూ కణాలు ఉబ్బి విచ్చుకుంటాయి. 24 గంటలు దాటితే అండం ముదిరిపోతుంది, ముదిరిన అండంలోకి ఒకటికి మించి వీర్యకణాలు దూరడానికి దారి దొరుకుతుంది. అట్లాంటి పిండం మొదట్లో విడివడినట్టే కనబడి తర్వాత చచ్చిపోతుంది.

ఇప్పుడు వీర్యం. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్న వీర్యపు సన్న గొట్టాన్ని, అంటే స్ట్రాను, తీసి 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ముంచితే కరుగుతుంది. గోపాలమిత్రలకు ఇది చేతివాటమే. ల్యాబులో అదనంగా చేసేది, స్ట్రాలోని గుడ్డుసొన, గ్లిసరాల్, చచ్చిన కణాలు వదిలించి, చురుగ్గా కదిలేవాటినే వేరుచేయడం. అవి కూడా వెంటనే పనికిరావు. తాజా వీర్యకణం అండంలోకి దూరలేదు, ఆడజీవి గర్భమార్గంలో కొన్ని గంటలు గడిపాకే దానికా శక్తి వస్తుంది. ఈ సంగతి 1951లో చాంగ్, ఆస్టిన్ వేరువేరుగా కనిపెట్టారు. అంతవరకు గాజుపాత్రలో ఫలదీకరణ కోసం చేసిన ప్రయత్నాల్లో నమ్మదగ్గది లేకపోవడానికి అదే కారణం. 1959లో చాంగ్ కుందేలులో చేసి చూపించాడు. ఆవు వీర్యానికి ఆ శక్తి తెప్పించడానికి ఇప్పుడు మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల హెపారిన్ వాడతారు. ఇందాక రక్తం గడ్డకట్టకుండా వాడామే, అదే మందు, ఇక్కడ పని వేరు. మిల్లీలీటరుకు పది ఇరవై లక్షల వీర్యకణాలు ఉండేట్టు కలిపి, అండాలతో 18 గంటలు ఉంచుతారు. మామూలు సూదిలో ఒక స్ట్రా ఒక ఆవుకు. ఇక్కడ ఒక స్ట్రాతో వంద అండాలైనా చేయవచ్చు. చనిపోయిన మేలు ఆబోతు స్ట్రాలు నాలుగే మిగిలి ఉంటే దాని విలువ అప్పుడు తెలుస్తుంది. అయితే సూదులకు బాగా చూడి కట్టించే ప్రతి ఆబోతూ ల్యాబులో పనిచేయదు. ముందుగా కబేళా నుంచి తెచ్చిన ఆవు అండాల మీద పరీక్షించుకోకుండా ఖరీదైన దాత అండాలకు కొత్త ఆబోతు వీర్యం వాడటం నా దృష్టిలో జూదం.

తర్వాత అండాల చుట్టూ ఉన్న కణాలు వదిలించి, వేరే ద్రావణంలోకి మారుస్తారు. ఈసారి ఆక్సిజన్ 5 శాతానికి తగ్గిస్తారు. మనం పీల్చే గాలిలో ఉండే 21 శాతం పిండానికి ఎక్కువ, గర్భమార్గంలో అంత ఉండదు. రెండో రోజు చూస్తే నూటికి 70, 80 దాకా విడివడి ఉంటాయి. ఏడో రోజుకు బ్లాస్టోసిస్ట్, అంటే ఆవులో పెట్టడానికి సిద్ధమైన పిండం, అయ్యేవి 25 నుంచి 35. మిగతావన్నీ ఇందాక చెప్పిన ఎనిమిది, పదహారు కణాల మలుపు దగ్గరే ఎక్కువగా ఆగిపోతాయి. అంటే ఇరవై మంచి అండాలు దొరికితే ఐదారు పిండాలు, అవి ఐదారు ఆవుల్లో పెడితే రెండు చూళ్లు. ఇంతకంటే బాగా వస్తాయని ఎవరైనా ముందే మాటిస్తే కాస్త ఆగి ఆలోచించండి.

ల్యాబులో ఏం చెడుతుందో విద్యార్థుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. ద్రావణం రంగు చూడండి. నారింజ ఎరుపులో ఉంటే సరి. డిష్‌ను బయటపెట్టి ఎక్కువసేపు చూస్తే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి క్షారగుణం పెరుగుతుంది, రంగు గులాబీకి తిరుగుతుంది. ఆ రంగు వచ్చిందంటే అప్పటికే పిండాలు బాధపడుతున్నాయని అర్థం. రెండోది చలి. ఏసీ గదిలో 22 డిగ్రీల బల్ల మీద పెడితే ఆవు అండం లోపల క్రోమోజోములను పట్టి ఉంచే కండె చెదిరిపోతుంది, మళ్లీ వెచ్చబెట్టినా పూర్తిగా కోలుకోదు. అందుకే మైక్రోస్కోపు బల్ల కూడా వేడి పలక అయి ఉండాలి. మూడోది కరెంటు. తిరుపతిలో మే నెలలో ఒక గాలివానకు ఎన్నిసార్లు పోతుందో మీకు తెలుసు. ఇన్వర్టరు, జనరేటరు రెండూ లేకుండా ల్యాబు తెరవొద్దు. నాలుగోది వాసనలు. కొత్త పెయింటు, ఫినాయిలు, సెంటు, ఇవన్నీ గాలిలో కలిసి నూనె పొరలోంచి చుక్కలోకి దిగుతాయి. శుక్రవారం ల్యాబులో సాంబ్రాణి వేసి, అగరుబత్తులు వెలిగించి దండం పెట్టుకునే అలవాటు ఉన్నచోట బ్లాస్టోసిస్ట్‌లు తగ్గితే ఆశ్చర్యపోకండి. దండం గుమ్మం బయట పెట్టుకోవచ్చు. ఐదోది సీరం. ద్రావణంలో సీరం ఎక్కువ వాడితే పిండాలు త్వరగా ఎదిగినట్టు కనబడతాయి గాని, కొన్ని దూడలు మామూలు కంటే బాగా పెద్దవిగా పుట్టి ఈత కష్టమవుతుంది. సీరం లేని, లేదా తక్కువ ఉన్న ద్రావణాలకు ల్యాబులు మారింది ఇందుకే.

మోసే ఆవు దగ్గరికి వద్దాం. సగం ఫలితం దాని చేతిలోనే ఉంది. పిండం వయసు ఏడు రోజులు, ఆవు ఎదకు వచ్చి కూడా ఏడు రోజులై ఉండాలి. ఒక రోజు అటూ ఇటూ ఫర్వాలేదు, రెండు రోజులు తేడా వస్తే గర్భసంచి, పిండం ఒకదానికొకటి అందవు. ఎద తెప్పించడానికి ప్రోస్టాగ్లాండిన్ సూదులు 11 రోజుల తేడాతో రెండు వేస్తారు. పిండం పెట్టే రోజు అండాశయంలో కార్పస్ లూటియం, అంటే అండం విడుదలైన చోట ఏర్పడే ముద్ద, ఏ వైపు ఉందో చూసి, ఆ వైపు గర్భకొమ్ములోనే పెట్టాలి. గర్భసంచిని ఎక్కువసేపు పిసికితే అది ముడుచుకుపోయి పిండాన్ని తోసేస్తుంది. రెండు మూడు నిమిషాల్లో పని ముగించాలి. చాలాచోట్ల జరిగే పొరపాటు ఏంటంటే, ఎన్ని సూదులు వేసినా తిరగబొర్లే ఆవునే తెచ్చి, దీన్లో పెట్టండి, చూడన్నా కడుతుంది అనడం. గర్భసంచిలో చీము, వాపు ఉన్న ఆవులో ఎంత మంచి పిండం పెట్టినా దండగే. ఒకటి రెండు ఈతలు సాఫీగా ఈనినది, మరీ చిక్కకుండా మరీ కొవ్వెక్కకుండా ఉన్నది, ఈసుకుపోయే జబ్బు బ్రూసెల్లా పరీక్షలో లేదని తేలినది కావాలి.

వేసవికి సంబంధించి ఒక సంగతి రైతులకు పనికొస్తుంది. ఎండ దెబ్బ ఎక్కువగా తగిలేది మొదటి మూడు నాలుగు రోజుల పిండానికి. ఏడో రోజు పిండం కొంత ఓర్చుకుంటుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో సూదులు తప్పిపోయే సంకరం ఆవుల్లో కూడా పిండ మార్పిడితో చూలు కాస్త మెరుగ్గా నిలుస్తుంది. నీడ, ఫ్యాను, నీళ్లు చల్లడం మానమని కాదు.

మనుషుల ఐవీఎఫ్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే సూత్రం ఇదే. ఆడవారికి పది రోజుల దాకా ఎఫ్ఎస్‌హెచ్ సూదులు ఇస్తారు, అండాలు పండటానికి చివరి సూది వేశాక 34 నుంచి 36 గంటల మధ్య తీస్తారు. ఆలస్యమైతే అవి వాటంతటవే విడుదలైపోయి దొరకవు. కాబట్టి అక్కడ అండం ఒంట్లోనే పండుతుంది, మన ఆవుల్లో మాదిరి డిష్‌లో కాదు. వీర్యకణాలు మరీ తక్కువైతే 1992 నుంచి వాడుకలోకి వచ్చిన ఇక్సీ పద్ధతిలో ఒక్క కణాన్ని సన్నటి గాజు సూదితో అండంలోకి ఎక్కిస్తారు. మూడో రోజో ఐదో రోజో పిండాన్ని గర్భాశయంలో ఉంచుతారు. ఎడ్వర్డ్స్, స్టెప్టో కృషితో 1978 జులై 25న ఇంగ్లండ్‌లో ప్రపంచంలోనే మొదటి ఐవీఎఫ్ పాప లూయీ బ్రౌన్ పుట్టింది. ఆ తర్వాత పది వారాలకే, అక్టోబరు 3న, కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతుల మీదుగా మన దేశంలో మొదటి ఐవీఎఫ్ పాప దుర్గ పుట్టింది. ఆయన పిండాన్ని గడ్డకట్టించి దాచి తర్వాతి నెలల్లో పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా చేసేది అదే. అప్పుడు ఎవరూ నమ్మలేదు, ఆయన 1981లో ప్రాణం తీసుకున్నారు. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ వచ్చింది. ముంబయిలో 1986లో హర్ష అనే ఐవీఎఫ్ పాప పుట్టుకకు కారకులైన టి.సి. ఆనంద్ కుమార్ గారే తర్వాత ముఖోపాధ్యాయ్ కాగితాలు చదివి, దేశంలో మొదటివారు ఆయనే అని ఒప్పుకున్నారు. శాస్త్రంలో అట్లాంటి మర్యాద అరుదు. ఇక చట్టం. మన దేశంలో 2021 చట్టం ప్రకారం ఈ చికిత్స పొందే స్త్రీ వయసు 21 నుంచి 50, పురుషుడి వయసు 21 నుంచి 55 ఏళ్ల మధ్య ఉండాలి. పుట్టబోయేది ఆడో మగో ఎంచుకోవడం నేరం. ఆవుల్లో పెయ్య కోసం లింగ నిర్ధారిత వీర్యం వాడుకోవచ్చు, మనుషుల్లో కుదరదు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఐవీఎఫ్‌తో ఒక్క మేలు ఆవు నుంచి ఏడాదికి పదుల దూడలు పుట్టించవచ్చు. పుంగనూరు లాంటి చిన్న మందలో అదే ప్రమాదం. నాలుగు దాతలు, ఒక ఆబోతుతో ఊళ్లన్నీ నింపేస్తే, పదేళ్ల తర్వాత ఏ రెండు పశువులను కలిపినా అవి అక్కాతమ్ముళ్లో, అన్నాచెల్లెళ్లో అవుతాయి. సవతి తోబుట్టువులను కలిపితే అంతఃప్రజననం 12.5 శాతం, సొంత తోబుట్టువులను కలిపితే 25 శాతం. చూళ్లు నిలవవు, దూడలు బలహీనంగా పుడతాయి. అందుకే ఎక్కువ పిండాలు ఇచ్చే దాత వెంటే పడకుండా, తక్కువ ఇచ్చే ఆవుల వంశాలూ పోకుండా చూసుకోవాలి. మరుగుజ్జు ఆవులకు మార్కెట్లో ధర పలుకుతోందని పొట్టిదానికీ పొట్టిదానికీ కలుపుతూ పోవడం నాకు నచ్చని పని. పుంగనూరు పేరు వచ్చింది పొట్టిదనం ఒక్కదానికే కాదు, కరువులో ఎండుగడ్డి తిని పాలిచ్చినందుకు.

ఇక ప్రశ్నలు అడగండి.

సార్, మా చెల్లెలోళ్ల ఊర్లో ఇట్ల పుట్టిన పుంగనూరు దూడ మామూలు దానికంటే పెద్దగా ఉందంట. జెర్సీ రగతం రాదంటాండారు, మరి అదెట్లా?

మంచి ప్రశ్న అన్నా. పుట్టినప్పటి సైజులో కొంత భాగాన్ని మోసే గర్భసంచి నిర్ణయిస్తుంది. 1938లో వాల్టన్, హామండ్ అనేవాళ్లు భారీ షైర్ గుర్రాన్ని, పొట్టి షెట్లాండ్ గుర్రాన్ని రెండు వైపులా సంకరం చేశారు. జన్యువుల వాటా రెండింటా ఒకటే. అయినా షైర్ తల్లికి పుట్టిన పిల్ల, షెట్లాండ్ తల్లికి పుట్టినదాని కంటే మూడింతలు బరువు. చోటు, తిండి ఎక్కువ దొరికింది కాబట్టి. మీ వాళ్ల దూడదీ అంతే. ఆ బరువు జన్యువుల్లో రాసుకున్నది కాదు, దాని పిల్లలకు పోదు. దీనికి తిరగేసినది మాత్రం చేయొద్దు. పుంగనూరు పెయ్యకు పెద్ద జాతి సూది వేయించినా, పెద్ద జాతి పిండం పెట్టించినా ఈత దగ్గర ఆవునూ దూడనూ పోగొట్టుకుంటారు.

పెయ్యలే పుట్టేటట్టు చేస్తారంట కదా సార్, నూటికి నూరూ పెయ్యలేనా?

నూటికి 90 అమ్మా. పెయ్యనిచ్చే వీర్యకణంలో డీఎన్ఏ సుమారు 3.8 శాతం ఎక్కువ. ఆ తేడాను రంగు వేసి, లేజరు వెలుగులో గుర్తించి వేరుచేస్తారు. మామూలు స్ట్రాలో రెండు కోట్ల కణాలుంటే దీంట్లో ఇరవై లక్షల దాకే, అవి కూడా యంత్రంలో నలిగినవి. అందుకే చూడి కట్టడం కొంత తగ్గుతుంది. మొదటి ఈత పెయ్యల్లో, ఎద స్పష్టంగా ఉన్నప్పుడు వాడితే మేలు. ఐవీఎఫ్‌లో తక్కువ కణాలతో పని జరుగుతుంది కాబట్టి అక్కడ బాగా కలిసొస్తుంది. ఖర్చు విషయానికొస్తే, రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద నిలిచిన ఒక్కో ఐవీఎఫ్ చూలుకు రూ.5,000 రాయితీ పెట్టారు. ఇప్పుడు మీ మండలంలో అమలు ఎట్లా ఉందో పశువుల ఆసుపత్రిలో కనుక్కోండి.

పిండం పెట్టినాక మేమేం చూసుకోవాల?

ఆవును లారీ ఎక్కించొద్దు, ఎండలో నడిపించొద్దు, మేత ఉన్నట్టుండి మార్చొద్దు. పెట్టిన రోజు నుంచి 14వ రోజు అటూ ఇటూ, అంటే ఎద లెక్కలో 21వ రోజు దగ్గర, పొద్దునా సాయంత్రం ఎద చిహ్నాలు చూడండి. ఎదకు వస్తే నిలవలేదని అర్థం. రాకపోతే ఎద లెక్కలో 30, 35 రోజులకు అల్ట్రాసౌండ్. అప్పుడు చూడి అని చెప్పినా 60 రోజులు దాటాక మళ్లీ చూపించండి. ల్యాబు పిండాలు ఆ నడుమ జారిపోవడం మామూలు చూళ్ల కంటే ఎక్కువ. ఈనే తేదీకి పిండం పెట్టిన రోజుకు 273 కలపండి, 280 కాదు, ఏడు రోజుల వయసు దానికి ముందే ఉంది. పుట్టిన గంట రెండు గంటల్లో ముర్రుపాలు మొదటి విడత తాపి, ఆ రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు తాపండి. దూడ చెవి పోగు నంబరు వేయించేటప్పుడు కార్డులో తల్లి గడిలో దాత ఆవు నంబరే రాయించండి, మోసిన ఆవు నంబరు వేరే గడిలో ఉండాలి. అది తారుమారైతే రేపు డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తప్ప అది పుంగనూరని మీరు రుజువు చేసుకోలేరు.